గేర్‌బాక్స్ పోయింది అన్నారా? ఎస్టిమేట్‌కి సరే అనేముందు ఇవి చూడండి

పోయిన ఏడాది ఒక శుక్రవారం సాయంత్రం బెంగళూరులో మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర మా బండి ఆగిపోయింది. అయిదేళ్ల ఏఎంటీ (ఒక రకం ఆటోమేటిక్) హ్యాచ్‌బ్యాక్. సిగ్నల్ పడింది, బ్రేక్ వదిలితే కదలదు, మీటర్‌లో ఎన్ (న్యూట్రల్) అక్షరం వెలిగి ఆరుతోంది, గేర్ లివర్ డీ (డ్రైవ్) లోకి ఎన్నిసార్లు లాగినా గేర్ పడదు. వెనక హారన్లు, పక్క సీట్లో అమ్మ, వెనక సీట్లో పాప. ఎవరో కుర్రాళ్ళు దిగి తోసి పక్కకి పెట్టించారు, గంట తర్వాత స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు కదిలింది. మర్నాడు సర్వీస్ సెంటర్‌లో కాసేపు చూసి, యాక్చువేటర్ (క్లచ్‌నీ గేర్లనీ కదిపే భాగం) పోయింది, మొత్తం అసెంబ్లీ మార్చాలి, డెబ్బై వేలు దాటుతుంది అన్నారు. నాకు సంతకం పెట్టడానికి చెయ్యి రాలేదు. కె.ఆర్.పురం వైపు షెడ్డు పెట్టుకున్న మదనపల్లె మెకానిక్ ఒకాయన ఉన్నాడని పక్క ఫ్లాట్ అన్న చెబితే అక్కడికి తీసుకెళ్ళాను. ఆయన గేర్‌బాక్స్ జోలికే పోలేదు. బానెట్ ఎత్తి, బ్యాటరీకి మీటర్ పెట్టి, "సార్, దీంట్లో ప్రాణం లేదు, ముందు ఇది మార్చి చూద్దాం" అన్నాడు. కొత్త బ్యాటరీ వేసి, టెర్మినల్స్ గీకి, స్కానర్‌తో పాత ఎర్రర్ కోడ్లు తీసేసి క్లచ్ లెర్నింగ్ (క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటర్‌కి మళ్ళీ నేర్పడం) చేశాడు. ఆ బండి ఇప్పటికీ రోజూ వైట్‌ఫీల్డ్ వెళ్ళొస్తోంది, గేర్‌బాక్స్‌లో ఒక్క పార్టు కూడా మార్చలేదు.

అప్పటి నుంచి తెలిసినవాళ్ళు ఎవరు ఆటోమేటిక్ బండి ట్రబుల్ ఇస్తోందని ఫోన్ చేసినా నేను అడిగేది ఒకటే: ఎప్పుడు వస్తోంది, ఎలా వస్తోంది, కచ్చితంగా చెప్పు. పది మందిలో ఏడెనిమిది మంది దగ్గర జవాబు ఉండదు, "జర్క్ కొడుతోంది" అంటారు అంతే. ఆ ఒక్క ముక్క పట్టుకుని సర్వీస్ సెంటర్‌కి వెళితే అక్కడివాళ్ళకి కూడా మొత్తం యూనిట్ మార్చడమే తేలికగా కనిపిస్తుంది. మనం లక్షణాన్ని సరిగ్గా చెప్పగలిగితే అరవై డెబ్బై వేల పని కొన్నిసార్లు నాలుగైదు వేలతో తేలుతుంది.

మొదట మీ బండిలో ఉన్నది ఏ రకం ఆటోమేటిక్కో తెలుసుకోండి: ఏఎంటీ, సీవీటీ, టార్క్ కన్వర్టర్, డీసీటీ అని ముఖ్యంగా నాలుగు రకాలు. చాలామందికి ఇది తెలియదు, అందులో తప్పేమీ లేదు, అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు కదా. ఓనర్ మాన్యువల్‌లో ఉంటుంది. ఇది తెలియకుండా ఇంకొకరి బండి కథ విని మన బండికి వైద్యం చేయిస్తే నష్టపోతాం, ఎందుకంటే ఒక రకంలో మామూలుగా ఉండే లక్షణం ఇంకో రకంలో పెద్ద జబ్బు.

ఏఎంటీ అంటే లోపల మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ ప్లేట్ కూడా అదే, కాలితో చేసే పనిని ఒక యాక్చువేటర్ చేస్తుంది. మన దేశంలో 2014లో సెలెరియోతో ఇది జనంలోకి వచ్చింది. ఒకటి నుంచి రెండుకి మారేటప్పుడు తల కొద్దిగా ముందుకి ఊగడం దీనికి సహజం, గేరు మారే క్షణంలో యాక్సిలరేటర్ కాస్త వదిలితే తగ్గిపోతుంది. సహజం కానివి ఏంటంటే: గేర్ పడక ఎన్ మెరవడం, బయల్దేరేటప్పుడు బండి మొత్తం వణకడం, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తున్నా వేగం పెరగకపోవడం, కాలిన వాసన. చివరి రెండూ ఉంటే క్లచ్ ప్లేట్ అయిపోయిందని అనుమానించండి. మాన్యువల్ బండిలో ఎలా అరుగుతుందో ఇందులోనూ అలాగే అరుగుతుంది, అది అరిగే సామానే. మార్చాక స్కానర్‌తో క్లచ్ లెర్నింగ్ చేయించకపోతే కొత్త ప్లేట్ వేసినా జర్క్ పోదు. చాలా చోట్ల ఈ పని మర్చిపోయి బండి ఇచ్చేస్తున్నారు కాబట్టి మీరే అడగండి.

సీవీటీలో గేర్లు ఉండవు, రెండు పుల్లీల మధ్య ఒక స్టీల్ బెల్టు. గట్టిగా తొక్కితే ఇంజిన్ శబ్దం ముందు పెరిగి వేగం తర్వాత అందుకోవడం దాని స్వభావం, అది రిపేర్‌తో పోయేది కాదు. కానీ వేగంతో పాటు పెరుగుతూ పోయే సన్నటి కూత, ఇరవై నుంచి నలభై మధ్య నెమ్మదిగా పోతున్నప్పుడు వణుకు, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఆర్‌పీఎం ఒక్కసారి ఎగిరి పడడం, ఇవి వెంటనే చూపించాల్సినవి. బెల్టు జారడం మొదలైతే పుల్లీ మీద గీతలు పడతాయి, ఆ తర్వాత ఆయిల్ మార్చినా లాభం ఉండదు. ఆ వణుకు మొదలైన వారంలో వెళ్ళడానికీ ఆరు నెలలు ఆగి వెళ్ళడానికీ బిల్లులో చాలా తేడా ఉంటుంది.

టార్క్ కన్వర్టర్, అంటే ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించేది, నాలుగింట్లోకి మొండిది. క్రెటా డీజిల్, థార్, పాత ఇన్నోవా క్రిస్టా ఆటోమేటిక్ లాంటి వాటిలో ఉండేది ఇదే. ఇందులో చూడాల్సినవి: లివర్ ఆర్‌లోనో డీలోనో వేశాక రెండు మూడు సెకన్లు ఆలస్యంగా పట్టుకోవడం, గేరు మారేటప్పుడు వెనక నుంచి ఎవరో గుద్దినట్టు తగలడం, ఇంకా ముఖ్యంగా అరవై ఎనభై మధ్య స్పీడులో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి పోతున్నప్పుడు టోల్‌గేట్ ముందు వేసే గీతల మీద పోతున్నట్టు సన్నటి వణుకు. హొసకోట దాటి కోలార్ హైవే ఎక్కగానే ఇది బాగా తెలుస్తుంది. చాలాసార్లు కారణం కన్వర్టర్ లోపల ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ నేరుగా కలిపే లాకప్ క్లచ్, దానికి తోడు పాతబడిన ఆయిల్. ఆయిల్ మారిస్తే కొన్ని బండ్లలో పూర్తిగా పోతుంది. కానీ ఇంజిన్‌లో ఒక ఇగ్నిషన్ కాయిల్ బలహీనపడినా అచ్చం ఇలాంటి వణుకే వస్తుంది కాబట్టి పెట్రోల్ బండి అయితే ముందు ప్లగ్గులు, కాయిల్స్ చూడమనండి.

ఇక డీసీటీ. రెండు క్లచ్‌లు, ఒకదాని మీద ఒకటి, మూడు, అయిదు గేర్లు, ఇంకోదాని మీద రెండు, నాలుగు, ఆరు. నడపడానికి వీటిని మించినవి లేవని నేను మనస్ఫూర్తిగా చెబుతాను, కానీ డ్రై క్లచ్ డీసీటీకి అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ సరిపడదు. గంటకు నాలుగైదు కిలోమీటర్ల వేగంతో పాకుతున్నంతసేపూ క్లచ్ సగం పట్టి సగం జారుతూ ఉంటుంది, ఆ వేడి పోవడానికి ఆయిల్ ఉండదు. మా పెద్దమ్మ కొడుకు ఒకాయన బెళ్ళందూరు నుంచి సిల్క్ బోర్డ్ దాకా రోజూ ఇలా పాకించి పాకించి ముప్పై వేల కిలోమీటర్లకే క్లచ్ సెట్ మార్పించుకున్నాడు. వణుకు వస్తే అది ఒకటి, మూడు, అయిదులోనే వస్తోందా, రెండు, నాలుగులో కూడా ఉందా అని మాన్యువల్ మోడ్‌లో వేసి గమనించండి. ఏ క్లచ్ అన్నది అక్కడే సగం తేలిపోతుంది. అలాగే గేర్ అక్షరాలన్నీ ఒకేసారి మెరిసి బండి పట్టు వదిలేస్తే అది క్లచ్ కంటే మెకట్రానిక్ యూనిట్ (గేర్లు మార్చే కంప్యూటర్, వాల్వులు కలిసి ఉండే భాగం) వైపు చూపించే లక్షణం.

హైబ్రిడ్ బండ్లలో ఈ-సీవీటీ అంటారే, అందులో బెల్టు ఉండదు, పేరు ఒకటే గానీ పని వేరు. ఐఎంటీ అసలు ఆటోమేటిక్ కాదు, గేరు మీరే వేయాలి.

ఇప్పుడు అసలు పని. ఒక వారం పాటు ఫోన్‌లో నోట్ పెట్టుకుని, తేడా చేసినప్పుడల్లా బండి ఆపాక నాలుగు ముక్కలు రాయండి. ఇంజిన్ చల్లగా ఉందా వేడెక్కిందా, స్టార్ట్ చేసి ఎంతసేపయింది, స్పీడు ఎంత, ఆర్‌పీఎం ఎంత, ఎత్తు ఎక్కుతున్నారా దిగుతున్నారా, ఏసీ ఆన్‌లో ఉందా, బండిలో ఎంతమంది, బ్రేక్ నుంచి కాలు తీస్తున్నప్పుడా, యాక్సిలరేటర్ తొక్కుతున్నప్పుడా, వదులుతున్నప్పుడా. పక్కన ఎవరైనా ఉంటే మీటర్ కనిపించేలా వీడియో తీయమనండి, మీరు నడుపుతూ తీయొద్దు. ఇందులో వేడి-చల్లదనం సంగతి అన్నింటికంటే ముఖ్యం. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మాత్రమే తటపటాయించి పది నిమిషాల్లో సర్దుకుంటే ఆయిల్ లెవల్, పాత ఆయిల్, లోపల గట్టిపడిన సీల్స్ వైపు ఆలోచించాలి. పొద్దున బాగుండి, గంట ట్రాఫిక్ తర్వాత మాత్రమే మొదలైతే క్లచ్ వేడి, ఆయిల్ కూలర్, వాల్వ్ బాడీ (గేర్లు మార్చడానికి ఆయిల్‌ని పంచే భాగం) వైపు. సర్వీస్ సెంటర్‌కి పొద్దున తొమ్మిదికి తీసుకెళితే రెండో రకం అక్కడ కనిపించనే కనిపించదు, "సార్, ప్రాబ్లం ఏమీ లేదు" అని తిరిగిచ్చేస్తారు. అలాంటప్పుడు సాయంత్రం ట్రాఫిక్‌లో నడిపి వేడి మీదే తీసుకెళ్ళండి.

నోట్ రాసే వారంలోనే ఇంటి దగ్గర పైసా ఖర్చు లేకుండా చూసుకోగలిగేవి కొన్ని ఉన్నాయి. బ్యాటరీ వోల్టేజ్ మొదటిది. రాత్రంతా ఆగిన బండిలో పొద్దున్నే 12.4 నుంచి 12.6 వోల్టులు ఉంటే బాగున్నట్టు, 12.2 కంటే కిందకి పోతే అనుమానించాలి, ఇంజిన్ నడుస్తుండగా సాధారణంగా 13.5 నుంచి 14.5 మధ్య కనిపించాలి. ఏఎంటీ, డీసీటీలలో గేరు మార్చే పంపు, వాల్వులు అన్నీ కరెంటు మీద ఆధారపడినవే కాబట్టి వోల్టేజ్ పడిపోతే కంప్యూటర్ కంగారుపడి లేని జబ్బు చూపిస్తుంది. రెండోది బ్రేక్ లైట్. లివర్ పీ నుంచి కదలకపోయినా, బ్రేక్ తొక్కినా స్టార్ట్ కాకపోయినా, వెనక ఒకరిని నిలబెట్టి బ్రేక్ లైట్ వెలుగుతోందో లేదో చూడమనండి. వెలగకపోతే చాలావరకు పెడల్ దగ్గరి చిన్న స్విచ్చి పోయి ఉంటుంది, వందల్లో అయ్యే పని. మూడోది, డీలోనో ఆర్‌లోనో వేయగానే ధడ్ మని చప్పుడు. బానెట్ ఎత్తి, హ్యాండ్‌బ్రేక్ వేసి, లోపల ఒకరు బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకుని డీ, ఆర్ మారుస్తుంటే మీరు పక్క నుంచి, బండి ముందు నిలబడకుండా, ఇంజిన్ ఎంత ఊగుతోందో చూడండి. విపరీతంగా లేస్తుంటే ఇంజిన్ మౌంటింగ్ రబ్బరు పోయింది, గేర్‌బాక్స్ తప్పు కాదు.

బండి కింద అట్టముక్క పరిచి రాత్రి వదిలేయండి. ఎర్రటి లేదా గోధుమ రంగు చుక్కలు పడితే ఫోటో తీసి పెట్టుకోండి. ఏసీ నీళ్ళు రంగు లేకుండా ఉంటాయి, వాటికి టెన్షన్ పడొద్దు. రేడియేటర్‌లోనే గేర్ ఆయిల్ కూలర్ ఉన్న బండ్లలో అది లోపల చిల్లు పడితే కూలెంట్, ఆయిల్ కలిసిపోయి రోజ్ మిల్క్‌లా కనిపిస్తాయి. అది చూస్తే బండి ఒక్క కిలోమీటర్ కూడా నడపకండి.

ఆయిల్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నా ఉద్దేశంలో ఈ ఊళ్ళో గేర్‌బాక్సులు పోవడానికి ప్రధానమైన కారణాల్లో ఇదొకటి. "లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, మార్చక్కర్లేదు" అన్న మాట నమ్మొద్దు. మాన్యువల్ తీసి మెయింటెనెన్స్ షెడ్యూల్‌లో కఠినమైన వాడకం కింద ఏం రాశారో చదవండి. మాటిమాటికీ ఆగి కదిలే ట్రాఫిక్, ఎండ, దుమ్ము, తక్కువ దూరాల ప్రయాణాలు, వీటిని చాలా కంపెనీలు కఠినమైన వాడకంగానే లెక్కపెడతాయి. రోజూ హెబ్బాళ్ ఫ్లైఓవర్ మీదో టిన్ ఫ్యాక్టరీ దగ్గరో అరగంట నిలబడే బండిది తేలికైన వాడకం ఎలా అవుతుంది? ఆ కాలమ్‌లో ఉన్న కిలోమీటర్లకే మార్పించండి. కంపెనీ చెప్పిన స్పెసిఫికేషన్ ఆయిలే వేయాలి. సీవీటీలో మామూలు ఆటోమేటిక్ గేర్ ఆయిల్ (ఏటీఎఫ్) పోస్తే బెల్టు జారిపోతుంది. జె.సి.రోడ్‌లో ఏ సామానైనా దొరుకుతుంది నిజమే, కానీ ఆయిల్ మాత్రం డబ్బా మీద గ్రేడ్ చదివి, సీల్ చూసి, బిల్లు తీసుకుని కొనండి. ఇప్పటి బండ్లలో చాలావాటికి గేర్ ఆయిల్ డిప్‌స్టిక్ ఉండదు, ఆయిల్ ఒక నిర్ణీత వేడిలో ఉన్నప్పుడు కింది ప్లగ్ తీసి లెవల్ చూడాలి. స్కానర్‌లో ఆయిల్ టెంపరేచర్ చూడకుండా పోసేసే షెడ్డులో ఈ పని చేయించొద్దు. తీసిన పాత ఆయిల్ చూపించమనండి. బాగా నల్లబడి కాలిన వాసన వస్తున్నా, అడుగున మెరిసే లోహపు ముక్కలు కనిపిస్తున్నా లోపల అరుగుదల ఉన్నట్టే. అయస్కాంతానికి అంటుకున్న మెత్తటి బూడిద రంగు పొడి మాత్రం మామూలే.

ఒక సంగతి గుర్తుంచుకోండి, 2013లో ఫోక్స్‌వ్యాగన్ తన ఏడు గేర్ల డీసీటీల్లో వేడి, తేమ ఎక్కువ ఉన్న చోట్ల విద్యుత్ లోపాలు వస్తున్నాయని ప్రపంచవ్యాప్తంగా దాదాపు 16 లక్షల కార్లలో సింథటిక్ ఆయిల్ తీసేసి మినరల్ ఆయిల్ పోయించింది. మన దేశంలోనే 2024 ఫిబ్రవరిలో సీవీటీ ఆయిల్ పంపు కంట్రోలర్ లోపం కోసం హ్యుందాయ్ 7,698 క్రెటా, వెర్నా బండ్లని, కియా 4,358 సెల్టోస్ బండ్లని వెనక్కి పిలిచి సరిచేశాయి. అంటే మీ బండి జబ్బు కంపెనీకి ముందే తెలిసినదై ఉండొచ్చు, ఉచితంగా చేయాల్సిన పనికి మీరు డబ్బు కడుతుండొచ్చు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబర్ కొట్టి రీకాల్ ఉందేమో చూడండి, సర్వీస్ సెంటర్‌లో కూడా గేర్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఏదైనా పెండింగ్ ఉందా అని అడగండి.

స్కానర్ గురించి రెండు మాటలు. స్టీరింగ్ కింద పోర్టులో పెట్టే చిన్న బ్లూటూత్ పరికరం తక్కువ ధరకే దొరుకుతుంది, కొనుక్కోండి. పీ0700 కోడ్ వస్తే గేర్‌బాక్స్ పోయిందని కాదు, గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఇంకో కోడ్ దాగి ఉంది, అది చూడు అని అర్థం. ఆ లోపలి కోడ్ చదవడానికి చాలాసార్లు కంపెనీ స్కానరే కావాలి. పీ0715 ఇన్‌పుట్ స్పీడ్ సెన్సర్ సర్క్యూట్, పీ0741 లాకప్ క్లచ్, పీ0562 అయితే వోల్టేజ్ తక్కువ. కోడ్ ఫోటో తీయకుండా ఎవరినీ డిలీట్ చేయనివ్వకండి.

ఇవన్నీ చేతిలో పెట్టుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్ళండి. జాబ్ కార్డ్‌లో "గేర్‌బాక్స్ చెక్" అని రాయనివ్వొద్దు. "బండి నలభై నిమిషాలు నడిచాక, రెండో గేరులో, 15 నుంచి 20 స్పీడులో, కాలు తేలిగ్గా ఆనించినప్పుడు వణుకు" అని మీ మాటల్లోనే రాయించండి. టెక్నీషియన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని మీరే నడిపి లక్షణం చూపించండి, తర్వాత ఆయన్ని నడపమనండి. మార్చాలి అంటే మూడు ప్రశ్నలు అడగండి: ఏ కోడ్ వచ్చింది, ఏ పరీక్ష చేసి ఆ పార్టే అని తేల్చారు, మొత్తం యూనిట్ కాకుండా ఆ ఒక్క పార్టు విడిగా దొరుకుతుందా. జవాబు ఎస్టిమేట్ మీద రాసివ్వమనండి. మాట పెంచక్కర్లేదు, మర్యాదగా అడిగితే మంచి అడ్వైజర్ చెబుతాడు. మార్చాక పాత పార్టు చూపించమనండి. వారంటీలో ఉండగా మొదలైన జబ్బు అయితే ప్రతి విజిట్‌కీ జాబ్ కార్డ్ కాపీ దాచుకోండి, నోటి మాటతో తిరిగి రావద్దు. వారంటీ అయిపోయాక "ఇది ముందు నుంచీ ఉంది" అని నిరూపించేది ఆ కాగితాలే. అప్పటికీ వినకపోతే కంపెనీకి మెయిల్ పెట్టి, తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో కూడా మాట్లాడతారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాల్సి వస్తే సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల లోపు వెళ్ళాలి, మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు.

నడిపే పద్ధతి కూడా చెప్పాలి కదా. ట్రాఫిక్‌లో ముందు బండి అడుగు జరిగిన ప్రతిసారీ మీరు జరగొద్దు. రెండు కార్ల జాగా ఏర్పడ్డాక ఒకేసారి కదిలి ఆగండి. మధ్యలో ఎవరో ఆటో దూరుతుంది, దూరనివ్వండి, క్లచ్ సెట్ ఖర్చుతో పోలిస్తే ఆ జాగా ఎంత. ఆగినప్పుడు బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకోండి, సగం బ్రేక్‌తో పాకించొద్దు. ఫ్లైఓవర్ ఎక్కే చోట యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టొద్దు, ఏఎంటీకీ డీసీటీకీ అంతకంటే చెరుపు లేదు. తిరుమల ఘాట్ దిగేటప్పుడు ఎన్‌లో వేయొద్దు, మాన్యువల్ మోడ్‌లో రెండో గేరులోనో మూడో గేరులోనో దిగండి. వాలులో పార్క్ చేసేటప్పుడు బ్రేక్ తొక్కి ఎన్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ లాగండి, బ్రేక్ వదిలి బండి హ్యాండ్‌బ్రేక్ మీద ఆనాక మళ్ళీ తొక్కి పీలో వేయండి. లేకపోతే బరువంతా పీలో ఉండే చిన్న కొక్కెం మీద పడుతుంది.

వానల్లో మోకాటి లోతు నీళ్ళలో బండి ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ చేయకండి. 2022 సెప్టెంబర్‌లో బెళ్ళందూరు, సర్జాపుర రోడ్డు వైపు మునిగిన బండ్ల సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. గేర్‌బాక్స్‌కి గాలి ఆడే గొట్టం ఒకటి ఉంటుంది, అందులోంచి నీళ్ళు పోతాయి, ఆయిల్ పాలలా మారుతుంది. ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ తీసుకున్నారా, అందులో గేర్‌బాక్స్ ఉందా అన్నది వానలు మొదలవకముందే పాలసీ తీసి చూసుకోండి.

దారి మధ్యలో హెచ్చరిక లైటు వెలిగి బండి ఒకే గేరులో ఇరుక్కుంటే అది తనను తాను కాపాడుకుంటోందని అర్థం. నెమ్మదిగా పక్కకి తీసి, హజార్డ్ లైట్లు వేసి, ఇంజిన్ ఆపి పదిహేను ఇరవై నిమిషాలు ఆగండి. వేడి వల్ల అయితే సర్దుకుంటుంది, దగ్గర్లోని సర్వీస్ సెంటర్ దాకా మెల్లగా పోవచ్చు. మళ్ళీ వస్తే నడపొద్దు, ఇన్సూరెన్స్ వాళ్ళ రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కి ఫోన్ చేసి ఫ్లాట్‌బెడ్ బండే పంపమని రెండుసార్లు చెప్పండి. తాడు కట్టి లాక్కెళ్ళే బండి వస్తే వెనక్కి పంపేయండి. ఇంజిన్ ఆగి ఉండగా చక్రాలు తిరిగితే చాలా ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో ఆయిల్ పంపు పని చేయదు, లోపల సామాను పొడిగా రాసుకుంటుంది. నాలుగు చక్రాలూ పైకి ఎక్కాకే బండి కదలనివ్వండి.